కిటికీలు మార్చడమా, మరమ్మతా? – ఒక పెన్షనరు ఎం.బుక్కు
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే తేదీన సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెప్పి, పెన్షను ఎవరి దయాధర్మమూ కాదని తేల్చింది. ఆ సంగతులు నా ముందు మాట్లాడిన పెద్దలు చెప్పారు. డి.ఆర్. గురించీ, హెల్త్ కార్డుల గురించీ చెప్పారు. నన్ను మాత్రం కార్యదర్శి గారు, "మీరు కిటికీల గురించి మాట్లాడండి" అన్నారు. నవ్వకండి. పోయిన ఏడాది కాలంలో నాకు ఫోను చేసిన సభ్యుల్లో సగం మంది అడిగింది కిటికీల గురించే. మనలో చాలామంది ఇళ్ళు 1980–90 మధ్య హెచ్.బి.ఎ. లోనుతో కట్టుకున్నవే. మనతో బాటు అవీ ముసలివయ్యాయి. మన మోకాళ్ళు, వాటి కిటికీలు ఒకేసారి కిర్రుమంటున్నాయి.

నేను ఇంజనీరును కాను. సర్వీసంతా డివిజను ఆఫీసులో లెక్కలు చూసినవాణ్ణి. ఎస్టిమేట్లు, కొలతల పుస్తకాలు, బిల్లులు – ఇవే నా లోకం. ఇతరుల కొలతలు 33 ఏళ్ళు తప్పుపట్టిన వాడికి సొంత ఇంటి కొలతలు తీయడం వచ్చేసరికి చెమట పట్టింది. ఆ చెమట కథే ఇది.

మా ఇల్లు 1985లో ఎం.వి.పి. కాలనీలో కట్టాం. సముద్రం దగ్గరే. తొమ్మిది కిటికీలు. అప్పటి ఆనవాయితీ ప్రకారం చట్రాలకు మద్ది, రెక్కలకు టేకు, మధ్యలో ఇనుప చువ్వలు. వంటింటి దగ్గరికి వచ్చేసరికి లోను ఆఖరి విడత అయిపోయి మామిడి కర్రతో సరిపెట్టాం. "వంటింటికెవరు చూస్తారు" అన్నాను నేను. రోజూ చూసే మనిషి పక్కనే ఉందన్న సంగతి నాకు తట్టలేదు. ముప్ఫై తొమ్మిదేళ్ళ పాటు మా ఆవిడ ఆ మాట నాకు గుర్తు చేస్తూనే ఉంది.

2008లో రిటైరయ్యాను. కమ్యూట్ చేసిన భాగం పదిహేనేళ్ళకు, అంటే 2023లో, తిరిగి పెన్షనులో కలిసింది. నాలుగు డబ్బులు ఎక్కువ కనబడగానే ఇంట్లో కిటికీల మాట లేచింది. కారణాలు లేకపోలేదు. వెనక పడగ్గదిలో పడమటి కిటికీ కింద గోడ చెమ్మెక్కి సున్నం రాలుతోంది. ఆ చెమ్మ స్విచ్చి బోర్డు దాకా పాకింది. వర్షం పడితే రెక్కలు బిగుసుకుపోతాయి, మా ఆవిడ భుజం నొప్పితో వాటిని లాగలేదు. వంటింటి కిటికీ గడియ పడదు, తాడుతో కట్టి పడుకుంటాం.

హైదరాబాదులో ఉన్న మా అబ్బాయి ఫోనులోనే తీర్పు ఇచ్చేశాడు. "నాన్నా, మొత్తం పీకించేసి యు.పి.వి.సి. పెట్టించెయ్యండి. మా ఫ్లాటులో చూశారుగా, వేలితో తోస్తే జరుగుతుంది." మళ్ళీ వాడే రెండు నిమిషాలాగి, "అయినా ఆ ఇంటి మీద ఎందుకు నాన్నా ఖర్చు? డెవలప్‌మెంటుకి ఇచ్చేస్తే మీకు కొత్త ఫ్లాటు వస్తుంది కదా" అన్నాడు. ఒకే ఫోనులో రెండు సలహాలు, రెండూ ఒకదానికొకటి పొసగవు. ఫోను పెట్టేశాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అసలు ప్రశ్న అదేగదా. డెబ్బయి నాలుగేళ్ళ మనిషి, ముప్ఫై తొమ్మిదేళ్ళ ఇల్లు. ఎన్నేళ్ళ కోసం ఖర్చు పెట్టాలి? పిల్లలు ఇందులో ఉండరు. ఈ సభలో నాలాగే ఈ ప్రశ్నతో పడుకునేవాళ్ళు చాలామంది ఉన్నారని నాకు తెలుసు.

తెల్లారి కాఫీ ఇస్తూ మా ఆవిడే తేల్చింది. "ఎన్నేళ్ళో నాకెందుకండీ. ఉన్నన్నాళ్ళూ గాలి రావాలి, వాన రాకూడదు, దొంగ రాకూడదు." మా ఆఫీసులో ఏ ఎస్టిమేటుకూ ఇంత చక్కని రిపోర్టు జతచేయగా నేను చూడలేదు.

మొదట ఒక కంపెనీ వాళ్ళను పిలిచాను. పేరు అనవసరం. కుర్రాడు వచ్చి హాలు కిటికీ ఒక్కటి కొలిచాడు, మిగతావి గుమ్మంలో నుంచుని చూశాడు, టీ తాగాడు, వెళ్ళిపోయాడు. సాయంత్రానికి కొటేషను వచ్చింది. చదరపుటడుగు 780 రూపాయల వంతున 155 చదరపుటడుగులకు 1,20,900. డెబ్బై శాతం ముందుగా ఇవ్వాలట. "ఒక్క కిటికీ కొలిచి తొమ్మిదింటికీ లెక్క ఎలా కట్టాడండీ?" అని అడిగింది మా ఆవిడ. నేను అడగవలసిన ప్రశ్న అది.

అప్పుడు నా పాత అలవాటు నిద్ర లేచింది. ఒక నోటుబుక్కు తీసి ఎం.బుక్కులాగే గీతలు గీశాను. ఆ కొటేషనులో లేనివి రాయడం మొదలుపెట్టాను. పన్ను 18 శాతం, అంటే 21,762. మన పాత కిటికీల చువ్వలు చెక్క చట్రంలోనే దిగేసి ఉంటాయి, చట్రం పీకితే అవీ పోతాయి. కొత్త కిటికీ ధరలో గ్రిల్లు ఉండదు. గ్రిల్లుకు చదరపుటడుగు 250 చొప్పున 38,750. చట్రాన్ని గోడలో పట్టి ఉంచే హోల్డుఫాస్టులు ఊడదీసేటప్పుడు గోడ చెక్కలు చెక్కలుగా లేస్తుంది. ఆ తాపీ పనికి కిటికీకి 2,500 చొప్పున 22,500. మొత్తం 2,03,912. రంగులు ఇంకా ఇందులో లేవు. లక్షా ఇరవై వేలు చూసి తలూపినవాడు రెండు లక్షల దగ్గర తేలతాడు. కొటేషను అబద్ధం కాదు, అందులో అడగనివి చెప్పలేదు, అంతే.

సరే, మార్చాలా వద్దా అన్నది ఎలా తెలుస్తుంది? నాకు దారి చూపినవాడు విజయనగరం వైపు నుంచి వచ్చిన ఒక ముసలి వడ్రంగి. మా వీధిలో ఎవరికో తలుపు బాగుచేస్తుంటే పిలుచుకొచ్చాను. అతను కిటికీని చూడలేదు, ముందు వాసన చూశాడు. తర్వాత చట్రం కింది మూలలో స్క్రూడ్రైవరు మొనతో గుచ్చాడు. ఎప్పుడైనా కుళ్ళు మొదలయ్యేది అక్కడే, నీళ్ళు నిలిచేది అక్కడే కాబట్టి. హాలులో అది గోరంత కూడా దిగలేదు. "ఏటి బాబూ, ఇది మార్సేత్తారా? ఇలాటి కర్ర ఇప్పుడెక్కడ దొరుకుద్ది? ఇది సచ్చిన కర్ర కాదు. ఒగ్గెయ్యండి" అన్నాడు. వెనక పడగ్గది పడమటి కిటికీలో అదే స్క్రూడ్రైవరు పిడి దాకా దిగిపోయింది. పైన ఎనామిల్ రంగు నిగనిగలాడుతోంది, లోపల పిండి. చట్రానికీ గోడకూ మధ్య సన్నని మట్టి గొట్టం. చెదలు గోడలోంచి అలా దారి వేసుకుని కర్రలోకి వస్తాయి. అతను వంగి, ఆ మట్టి చిదిపి, నా చేతిలో పెట్టాడు. ఏమీ అనలేదు.

అతను నేర్పిన ఇంకొన్ని పరీక్షలు చెబుతాను, ఇంటికెళ్ళి చేసుకోవచ్చు. చట్రం ఒక మూల నుంచి ఎదురు మూలకు టేపుతో కొలవండి, తర్వాత రెండో జత మూలలు కొలవండి. రెండు కొలతలకూ అరంగుళం తేడా వచ్చిందంటే చట్రమో గోడో జరిగింది. కిటికీ పై మూల నుంచి గోడ మీద ఏటవాలుగా పగులు పాకుతుంటే ముందు పిలవవలసింది కిటికీల వాణ్ణి కాదు, ఇంజనీరును. రెక్క బిగుసుకుపోతే వర్షాకాలంలో చిత్రిక పట్టించకండి. తేమకు కర్ర ఉబ్బుతుంది. అప్పుడు చెక్కేస్తే ఎండాకాలంలో వేలు దూరేంత సందు వస్తుంది. చాలాసార్లు తప్పు రెక్కది కూడా కాదు, వదులైన బందులది. పై బందు మరలు వదులైతే రెక్క జారి కింద రాసుకుంటుంది. మా ఇంట్లో నాలుగు రెక్కలకు ఇదే రోగం. పెద్ద మరలు వేయగానే మా ఆవిడ ఒంటి చేత్తో తెరిచింది.

ఇక ఆ చెమ్మ. నేను ఆ చెమ్మంతా కిటికీ వల్లనే అనుకున్నాను. అందరూ అలాగే అనుకుంటారు. వడ్రంగి, "నీల్లెట్టి సూడండి బాబూ" అన్నాడు. బయట నుంచి గొట్టంతో నీళ్ళు పెట్టాలి, కింద నుంచి మొదలుపెట్టి పైకి పోవాలి. పైనుంచి మొదలెడితే అంతా ఒకేసారి తడిసి ఏమీ తెలియదు. కింద గట్టు మీద పది నిమిషాలు పెట్టాం, మా ఆవిడ లోపల టార్చితో కాపలా. చెమ్మ రాలేదు. చట్రం పక్కల పెట్టాం. కొంచెం చెమరింది. సన్‌షేడు మీద పెట్టగానే అయిదు నిమిషాల్లో లోపల గోడ మీద నీటి చార దిగింది. సన్‌షేడు గోడను కలిసేచోట జుట్టంత పగులు. పైగా సన్‌షేడు అడుగున నీళ్ళు వెనక్కి పారకుండా ఉండవలసిన గాడి ఏనాడో రంగులతో పూడిపోయింది. రెండు లక్షలు పెట్టి తొమ్మిది కిటికీలూ మార్చినా ఆ చెమ్మ అలాగే ఉండేది. స్విచ్చి బోర్డులోకి నీళ్ళు అలాగే దిగేవి. ఆ పగులు పూడ్చి, గాడి తీసి, పైన వాలు కట్టడానికి అయినది 6,500.

ఈ మాట నేను గట్టిగా చెబుతాను. నీళ్ళ పరీక్ష చేయకుండా కిటికీ మార్చకండి.

ఇక ఏ రకం పెట్టాలన్న దగ్గర నాకొక పాత గాయం ఉంది. 2009లో, రిటైరైన ఉత్సాహంలో, హాలు తూర్పు కిటికీ తీయించి అల్యూమినియం స్లైడింగు పెట్టించాను. వీధిలో మొదటిది మాదే. అయిదేళ్ళు గర్వంగా చూసుకున్నాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది. విశాఖ వాళ్ళకు నేను వర్ణించనక్కర లేదు. గాలి గంటకు 170, 180 కిలోమీటర్ల వేగం. మేమిద్దరం మధ్య గదిలో పరుపు అడ్డం పెట్టుకుని కూర్చున్నాం. మొదట హాలులో ఒక కీచుమన్న చప్పుడు, తర్వాత పెద్ద పేలుడు. అల్యూమినియం కిటికీ చట్రంతో సహా ఊడి సోఫా మీద పడింది. గాలి లోపలికి జొరబడి తలుపులన్నీ కొట్టుకున్నాయి. తుపాను కన్ను దాటే వేళ గాలి తెరిపిస్తే, ఆ కాసేపట్లో నేను భోజనాల బల్ల ఆ కన్నానికి నిలబెట్టాను. తర్వాత గాలి ఎదురు దిక్కు నుంచి తిరిగింది. ముప్ఫై ఏళ్ళ టేకు రెక్కలు గడియలు వంగాయి గానీ ఊడలేదు.

అప్పటి నుంచి నేను "అల్యూమినియం పనికిరాదు" అని అందరికీ చెబుతూ వచ్చాను. అది పొరపాటు. ఈ మధ్యనే ఒక రిటైర్డు ఇంజనీరు మిత్రుడు పాత మరలు ఇంకా ఉంటే చూపించమన్నాడు. డబ్బాలో దాచాను గనక చూపించాను. నవ్వాడు. మరలన్నీ ప్లాస్టరింగులోనే ఆగిపోయాయి, ఇటుకలోకి ఒక్కటీ దిగలేదు. టేకు కిటికీ బతికింది టేకు వల్ల మాత్రమే కాదు, గోడలోకి దిగిన హోల్డుఫాస్టుల వల్ల. భవనాల మీద గాలి ఒత్తిడికి సంబంధించిన భారత ప్రమాణం ఐ.ఎస్. 875 మూడో భాగంలో హైదరాబాదుకు సెకనుకు 44 మీటర్ల గాలి లెక్క వేయమన్నారు. మన విశాఖకు 50 మీటర్లు. మా అబ్బాయి ఫ్లాటులో వేలితో తోస్తే జరిగేది మా ఊళ్ళో గాలి కూడా తోస్తుంది. కంపెనీ వాణ్ణి మొదట అడగవలసింది రంగు గురించి కాదు. మర ఎంత పొడుగు, ఎంత లోతు, ఎన్ని అంగుళాలకొకటి?

రెండో సంగతి గాలి. జాతీయ భవన నిర్మాణ నియమావళి వేడి, తేమ కలిసిన ప్రాంతాల్లో గది గచ్చు విస్తీర్ణంలో ఆరో వంతు కిటికీలుండాలంటుంది. పొడి వేడి ప్రాంతాలకు పదో వంతు చాలు. మా హాలు 224 చదరపుటడుగులు, ఆరో వంతంటే 37 పైచిలుకు. రెండు కిటికీలూ కలిపి 45. బాగానే ఉంది. కానీ స్లైడింగు పెడితే ఎప్పుడూ సగమే తెరుచుకుంటుంది, ఒక అద్దం ఇంకో అద్దం వెనక్కి పోవాలి గదా. 45 కాస్తా ఇరవై రెండున్నర. పాత రెక్కల కిటికీ పూర్తిగా తెరుచుకుంటుంది. ఏ.సి. వేసుకుని తలుపులు మూసుకునే వాళ్ళకు ఇది పట్టదు. కరెంటు బిల్లు చూసి ఏ.సి. ఆపేసే పెన్షనరుకు పడుతుంది. స్లైడింగుకు స్థలం కలిసి వస్తుంది, బాల్కనీ దగ్గర అదే నయం. మాకు మాత్రం తలుపులాగా తెరుచుకునే రకమే కావలసి వచ్చింది.

అన్నీ చూసి తొమ్మిదింటినీ ఎం.బుక్కులో మూడు పద్దులుగా విడగొట్టాను. హాలు తూర్పుది, చెదలు తిన్న పడమటిది, వంటింటి మామిడి కర్రది – ఈ మూడూ కొత్తవి. వెనక పడగ్గది దక్షిణపు కిటికీకి చట్రం గట్టిగా ఉంది, రెక్కల అడుగు కుళ్ళింది. దానికి రెక్కలు మాత్రమే కొత్తవి. మిగిలిన అయిదూ మరమ్మతు. మా అబ్బాయికి ఫోను చేసి చెబితే, "మ్యాచింగ్ ఉండదు నాన్నా" అన్నాడు. ఒరే, నేనూ మీ అమ్మా మ్యాచింగా, యాభై ఏళ్ళు లాగలేదూ అన్నాను. వాడు నవ్వాడు. అవతల కోడలు కూడా నవ్వినట్టు వినిపించింది.

కొత్తవాటికి రెండో కంపెనీని పిలిచాను. వీళ్ళ మనిషి ప్రతి కిటికీనీ వెడల్పు మూడు చోట్ల, ఎత్తు మూడు చోట్ల కొలిచి, అందులో తక్కువది రాసుకున్నాడు. అది చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. నమూనా ముక్క కోసి చూపించమన్నాను. యు.పి.వి.సి. చట్రం లోపల బోలుగా ఉంటుంది, ఆ బోలులో జింకు పూత పూసిన ఉక్కు పట్టీ ఉండాలి. అది లేకపోతే గాలికి వంగుతుంది. కోసి చూపించకపోతే ఇంట్లో బలమైన అయస్కాంతం ఒకటి చట్రానికి ఆనించి చూడండి, లోపల ఉక్కు ఉంటే లాగుతుంది. సముద్రం దగ్గర ఇళ్ళకు బందులు స్టెయిన్‌లెస్ అంటే చాలదు, 316 రకం అడగండి. మామూలు 304 రకం కంటే ఉప్పుగాలికి అది బాగా ఆగుతుంది. అద్దం టఫెన్డ్ తీసుకున్నాను. మామూలు అద్దం పగిలితే కత్తుల్లా ముక్కలవుతుంది, ఇది చిన్న చిన్న గుళ్ళుగా రాలుతుంది. కానీ ఒకసారి తయారైతే కోయడానికి, అంచు తీయడానికి వీలు కాదు. కొలత తప్పితే ఆ అద్దం వృథా. అందుకే ఆ మూడు మూడు కొలతలు. ధర చదరపుటడుగు 950 పడింది, మొదటి కొటేషను కన్నా ఎక్కువే. 54న్నర చదరపుటడుగులకే గనక ఇవ్వగలిగాను.

పని 2024లో రథసప్తమి వెళ్ళాక మొదలుపెట్టాం. మన కోస్తాలో సంక్రాంతి నుంచి ఉగాది దాకా కిటికీల పనికి మంచి రోజులు. వాన భయం లేదు, కర్ర ఎండి ఉంటుంది, రంగు త్వరగా ఆరుతుంది. అక్టోబరు, నవంబరుల్లో మాత్రం గోడకు కన్నం పెట్టుకోకండి.

ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. శివరాత్రికి మా అమ్మాయి మూడేళ్ళ పాపతో వచ్చింది. వడ్రంగి సహాయకుడు వరండాలో పాత రెక్కల రంగు ఉప్పుకాగితంతో గీకుతున్నాడు. ఆకుపచ్చ పొడి గాలిలో లేస్తోంది. పాప అందులో కూర్చుని వేళ్ళతో ముగ్గులు వేస్తోంది. నేను ముచ్చటగా చూస్తున్నాను. మా అమ్మాయి లోపలి నుంచి వచ్చి, పాపను ఒక్క ఉదుటున ఎత్తుకుని, "నాన్నా, ఆ రంగు ఎప్పటిది?" అని అరిచింది. 1985, ఆ పైన 1994. ఆ కాలపు ఎనామిల్ రంగుల్లో సీసం ఉండేది. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పి.పి.ఎం. మించకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచి గానీ అమలులోకి రాలేదు. సీసం పొడి పసిపిల్లల మెదడుకు చేటు. చేతులు నోట్లో పెట్టుకునే వయసు. డాక్టరు రక్తపరీక్ష చేయించమన్నాడు. ఫలితం వచ్చేదాకా నేను అన్నం సరిగా తినలేదు. దేవుడి దయ, ఏమీ లేదు. ఆ తర్వాత పని పెరట్లోకి మార్చాం. కింద ప్లాస్టిక్ పట్టా, రెక్కలు తడిపి తడిమీదే గీకడం, గీకే కుర్రాడి ముక్కుకు మాస్కు, సాయంత్రం తడిగుడ్డతో తుడవడం, పట్టాను మడిచి మూటగట్టడం. గీకిన పొడి చీపురుతో ఊడవకండి. మనవలు వచ్చే సెలవుల్లో ఈ పని అసలు పెట్టుకోకండి.

చెదలకు గోడ వారన కన్నాలు వేసి మందు ఎక్కించాం, కొత్త చట్రం బిగించడానికి ముందే. దానికి ఐ.ఎస్. 6313 అని ప్రమాణం ఉంది, కట్టేసిన ఇళ్ళకు అందులో మూడో భాగం. ప్లాస్టిక్ కిటికీని చెదలు తినవు, నిజమే. కానీ వాటి దారి మూయకపోతే పక్కనున్న బీరువా దగ్గరికి పోతాయి. అందులో నా సర్వీసు రిజిస్టరు జెరాక్సు, మా ఆవిడ పట్టుచీరలు ఉన్నాయి. దేనికి ముందు కంగారు పడ్డామో చెప్పను.

జూన్‌లో తొలి వాన పడ్డప్పుడు కొత్త పడమటి కిటికీలోంచి నీళ్ళు! నాకు పిచ్చి కోపం వచ్చింది. కంపెనీకి ఫోను చేసి సర్వీసులో కూడా వాడని భాష వాడాను. వాళ్ళ కుర్రాడు వచ్చి బయటికెళ్ళి, చట్రం అడుగున అగ్గిపుల్లతో పొడిచాడు. గ్లాసుడు నీళ్ళు బయటికి కారాయి. లోపల చేరిన నీరు పోవడానికి కంపెనీ వాళ్ళే అక్కడ చిన్న కన్నాలు పెడతారట. మా తాపీమేస్త్రి శ్రద్ధగా వాటి మీద లప్పం పెట్టి నున్నగా చేశాడు. ఆ మేస్త్రిని పెట్టినది నేనే. ఆ కుర్రాడికి కాఫీ ఇప్పించి, క్షమాపణ చెప్పుకున్నాను. మీ ఇంట్లో ఈ రకం ఉంటే ఏడాదికోసారి మే నెలలో ఆ కన్నాలు చూసుకోండి.

చివరగా గ్రిల్లు సంగతి. మా వీధి చివర ఒంటరిగా ఉండే పెద్దాయన ఒకరు లోపల గడియ పెట్టుకుని పడిపోయారు. పిలుపు వినిపిస్తోంది, లోపలికి దారి లేదు. అన్ని కిటికీలకూ వెల్డింగు గ్రిల్లు, ముందు తలుపుకు ఇనుప తలుపు. వెల్డరు దొరికి కోసేసరికి రెండు గంటలు పట్టింది. ఆయన బతికారు, కానీ ఆ రెండు గంటలూ మేమంతా గ్రిల్లులోంచి చెయ్యి పెట్టి, "ఉన్నాం, ఉన్నాం" అంటూ నిలబడ్డాం. దొంగకు అడ్డమని పెట్టినది మనుషులకూ అడ్డమే. అందుకని ముందు పడగ్గది కిటికీలో చువ్వలు తీయించి, తలుపులా తెరుచుకునే గ్రిల్లు పెట్టించాను. తాళం లోపలివైపు. చెవి ఒకటి ఆ గదిలోనే, బయటి నుంచి చెయ్యి అందనంత దూరాన మేకుకు. రెండోది పక్కింటి వాళ్ళ దగ్గర. నిప్పు అంటుకున్నా, పడిపోయినా దారి ఉంటుంది. ఇద్దరే ఉండే ఇళ్ళలో, ఒక్కరే ఉండే ఇళ్ళలో, మిగతా కిటికీల సంగతి రేపు చూసినా ఈ ఒక్కటి ఈ నెలలోనే చేయించండి.

మొత్తం ఖర్చు 1,34,020. ఇందులో సన్‌షేడు, చెదల మందు కూడా ఉన్నాయి. మొదటి కొటేషనులో ఆ రెండూ లేవు. వడ్రంగికి, సహాయకుడికి కలిపి పదకొండు రోజుల కూలి 22,000. నేను ఇచ్చిన రూపాయల్లో మనసు నొవ్వకుండా ఇచ్చినవి అవే.

ఇల్లు డెవలప్‌మెంటుకు ఇవ్వడం గురించి మా ఇంట్లో ఇంకా తేలలేదు. తేలేదాకా వంటింటి కిటికీకి గడియ పడుతోంది. పీకిన పడమటి చట్రంలో చెదలు తినని పైభాగం మూడడుగులు మిగిలింది. వడ్రంగి దాన్ని కోసి రెండు పీటలు చేసిచ్చాడు. మొన్న శ్రావణంలో మా ఆవిడ ఒకదాని మీద అమ్మవారిని పెట్టింది. రెండోదాని మీద నేను కూర్చుని బూట్లు తొడుక్కుంటున్నాను.

నా ఎం.బుక్కు కార్యదర్శి గారికి ఇస్తున్నాను. కొలతలు రాసుకునే పద్ధతి, కంపెనీల వాళ్ళను అడగవలసిన ప్రశ్నలు అందులో ఉన్నాయి. ఆఫీసులో ఉంచుతారు, ఎవరైనా జెరాక్సు తీసుకోవచ్చు. అసలు మాత్రం తిరిగి ఇచ్చేయండి, ఇంకా రంగుల బిల్లు ఎక్కించాలి. టీ వచ్చిందని అధ్యక్షులవారు సైగ చేస్తున్నారు.